దూరడం వేరు, సరిపోవడం వేరు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద మరల కొలతలను గురించి ముచ్చటించాము. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, అమెరికా ఏకీకృత పద్ధతిలోని అర అంగుళం బోల్టుకు 13 మరలు ఉంటాయనీ, ఒకదాని నట్టును మరొకదానికి తగిలిస్తే రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి ఆపైన బిగుసుకుపోతుందనీ వ్రాశాము. అది చదివిన మిత్రులు కొందరు ఒక ప్రశ్న వేశారు. నట్టు బిగుసుకుపోతే పని ఆగుతుంది, అంతే కదా! బిగుసుకుపోకుండా లోపలికి సాఫీగా దూరిపోయి, ఆ తరువాత ప్రాణం మీదికి తెచ్చే వస్తువు ఏదైనా ఉన్నదా?

ఉన్నది. దాని పేరు తూటా. రివాల్వరు తూటాలలో .32 లాంగ్ అనే ఒక చిన్న తూటా ఉన్నది. ప్రపంచంలో తుపాకుల మీద మోజున్న వారిలో అధికులు దానిని పట్టించుకోరు. పెద్ద శబ్దం, పెద్ద దెబ్బ గల తూటాలకున్న కీర్తి దీనికి లేదు. అయినా కొలతల మీద మక్కువ గల మా వంటివారికి అది ముద్దొచ్చే వస్తువు. ఈ మాసం దానిని గురించీ, ఒక తూటాకు పుట్టిన తుపాకిని మరొక తూటాకు మార్చే పనితనాన్ని గురించీ, ఆ పనితనానికి ఉన్న హద్దులను గురించీ వ్రాయదలచినాము.

తూటా ఒక యంత్రభాగం

తూటాను చాలామంది గుండు అనుకుంటారు. గుండు అందులో ఒక భాగం మాత్రమే. అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు, దానిపైన మందు, ముందు గుండు, వీటన్నిటినీ ఒకచోట పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. ఈ నాలుగూ కలిస్తే తూటా. వీటిలో మా దృష్టిలో అత్యంత ఘనమైనది ఆ ఇత్తడి తొడుగే. మందు అంటుకున్న క్షణంలో అది వ్యాకోచించి, సిలిండరు గది గోడలకు అతుక్కొని, మంటను వెనుకకు రానీయకుండా మూసివేస్తుంది. పీడనం తగ్గగానే మళ్ళీ కొద్దిగా ముడుచుకొని, వేలితో త్రోస్తే బయటికి వచ్చేటట్లు వదులవుతుంది. ఒకే క్షణంలో గాస్కెట్టుగానూ, పీడనపాత్రకు లోపలి పొరగానూ పనిచేసి, ఆపైన తనంత తానే సడలే భాగం మన కర్మాగారాలలో ఎన్ని ఉన్నాయో ఒకసారి ఆలోచించండి.

అయితే ఆ తొడుగు తన బలంతో నిలబడేది కాదు. చుట్టూ ఉన్న ఉక్కు గోడ ఆసరాతో నిలబడుతుంది. గోడకూ తొడుగుకూ మధ్య ఉండవలసిన ఖాళీ ఒక మిల్లీమీటరులో కొద్ది వందల వంతులే. ఆ ఖాళీ పెరిగితే ఇత్తడి ఉబ్బుతుంది, ఇంకా పెరిగితే చీలుతుంది. చీలిన తొడుగులోనుంచి వచ్చే మండే వాయువు పోయేది ట్రిగ్గరు మీద వేలు వేసిన మనిషి వైపే. కనుక తూటా, తుపాకి రెండు వేరు వేరు వస్తువులు కావు. ఒకే పరికరాన్ని రెండు భాగాలుగా చేసి, ఒకదానిని అంగడిలోనూ మరొకదానిని ఇంట్లోనూ ఉంచారని భావించడం ఉచితం.

పేరు ఒకటి, కొలత ఒకటి

కొలతల శాస్త్రం తెలిసినవారికి తుపాకుల లోకంలో మొదటి ఆశ్చర్యం పేర్లలోనే ఎదురవుతుంది. .38 అని పేరున్న తూటా గుండు వ్యాసం అంగుళంలో .38 వంతు ఉండాలి కదా! ఉండదు. .38 స్పెషల్ గుండు వ్యాసం .357 లేదా .358 మాత్రమే. ఈ తేడా వెనుక ఉన్నది తుపాకుల మార్పిడి చరిత్రే.

పూర్వం రివాల్వరుకు తూటా లేదు. సిలిండరు గదిలో మందు పోసి, గుండు కూరి, వెనుక టోపీ పెట్టి కాల్చేవారు. సిలిండరు గదులను వెనుకనుంచి ముందు దాకా తొలిచి, లోహపు తూటాను వెనుకనుంచి పెట్టే పద్ధతికి రోలిన్ వైట్ అనే అమెరికను 1855లో పేటెంటు పొందాడు. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ ప్రతి రివాల్వరుకు 25 సెంట్ల చొప్పున అతనికి చెల్లించి ఆ పద్ధతిని వాడుకొన్నది. 1869లో పేటెంటు గడువు ముగిసింది. అప్పటికి జనం చేతుల్లో, గిడ్డంగుల్లో టోపీ రివాల్వర్లు అపారంగా ఉన్నాయి. వాటిని పారవేయలేక, సిలిండర్ల వెనుక భాగం కోసి తూటా పట్టేటట్లు మార్చారు. కోల్ట్ సంస్థ 1871 నుండి ఈ మార్పిళ్ళను తానే చేసి అమ్మింది.

.36 అని పేరున్న ఆ పాత రివాల్వర్ల బ్యారెలు నిజానికి .375 ప్రాంతంలో ఉండేది. దానికి సరిపడే గుండు తొడుగు వెలుపలి వ్యాసంతో సమానంగా ఉండి, మడమ వంటి సన్నని భాగంతో తొడుగులోకి దిగేది. దానికి .38 అని పేరు పెట్టారు. కొంత కాలానికి గుండును పూర్తిగా తొడుగులోపలికి దించే పద్ధతి వచ్చింది. తొడుగు అంతే ఉన్నది, గుండు మాత్రం సన్నబడింది. పేరు మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఈ విధంగా ఒక తాత్కాలికమైన సర్దుబాటు నూటయాభై సంవత్సరాలుగా పేరు రూపంలో బ్రతికి ఉన్నది. మన డ్రాయింగులలో ఎవరో ఎప్పుడో అవసరం కొద్దీ వేసిన కొలత తరువాతి తరానికి శాసనమైపోవడం మనలో ఎవరికి తెలియదు?

.32 లాంగ్ వంశవృక్షం

ఇక మా చిన్న తూటా వద్దకు వద్దాము. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1878లో .32 పేరుతో ఒక పొట్టి తూటాను తెచ్చింది. దాని తొడుగు పొడవు సుమారు 15.4 మిల్లీమీటర్లు. 1896లో ఆ తొడుగునే 23.4 మిల్లీమీటర్లకు పెంచి .32 లాంగ్ అన్నారు. గుండు వ్యాసం .312 అంగుళం, అనగా 7.9 మిల్లీమీటర్లు. సీసపు గుండు బరువు 98 గ్రెయిన్లు, అనగా ఆరు గ్రాములకు కొంచెం ఎక్కువ. వేగం సెకనుకు సుమారు 215 మీటర్లు. అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌన్లు. అదే 1896లో న్యూయార్కు పోలీసు కమిషనరుగా ఉన్న థియొడోర్ రూజ్వెల్టు తమ పోలీసులకు .32 బోరు కోల్ట్ రివాల్వరును ఎంపిక చేశాడు. పోటీ సంస్థ పేరును తన తుపాకి మీద చెక్కడం ఇష్టం లేని కోల్ట్ సంస్థ, గుండు ముక్కును కాస్త చదును చేసి, ఆ తూటానే కోల్ట్ న్యూ పోలీస్ అని పిలిచింది. ఒకే వస్తువుకు రెండు స్టోర్సు నంబర్లు ఉండడం ఈనాటి వింత కాదన్నమాట.

ఆ వంశం అక్కడితో ఆగలేదు. 1984లో తొడుగును 27.3 మిల్లీమీటర్లకు పెంచి .32 మాగ్నమ్ చేశారు. 2007లో మరింత పెంచి 30.5 మిల్లీమీటర్లతో .327 మాగ్నమ్ చేశారు. ఈ చివరిదాని గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 45,000 పౌన్లు, అనగా .32 లాంగ్‌కు సరిగా మూడు రెట్లు. నాలుగింటికీ లావు ఒకటే. పొడవులోనే తేడా.

ఈ తేడాలోనే మా మనస్సుకు నచ్చిన ఇంజనీరింగు ఉన్నది. రివాల్వరు సిలిండరు గదిలో తొడుగు ఆగే చోట ఒక మెట్టు ఉంటుంది. తూటా పొడవు పెరిగితే ఆ మెట్టు అడ్డుపడి, తూటా పూర్తిగా దిగదు, సిలిండరు మూసుకోదు. అందువలన ఎక్కువ పీడనం గల కొత్త తూటాను తక్కువ బలం గల పాత రివాల్వరులో పెట్టడం సాధ్యం కాదు. తక్కువ పీడనం గల పాత తూటాను బలమైన కొత్త రివాల్వరులో నిక్షేపంగా పెట్టవచ్చును. అదనపు మీట గానీ, హెచ్చరిక బోర్డు గానీ అక్కరలేకుండా నాలుగు మిల్లీమీటర్ల పొడవు కాపలా కాస్తున్నది. పొరపాటు చేయాలనుకొన్నా చేయనీయని రూపకల్పన ఇదే. మన ప్లగ్గు పిన్నులలో మట్టి పిన్ను లావుగా, పొడవుగా ఉండడంలోనూ ఇటువంటి వివేకమే ఉన్నది.

అమెరికాలో కొందరు పనిమంతులు .32 లాంగ్ రివాల్వర్ల గదులను రీమరుతో ముందుకు తొలిచి, .32 మాగ్నమ్ పట్టేటట్లు మార్చడం ఒక హాబీ. ఎంతో నునుపుగా, అందంగా చేస్తారు. కానీ ఆ రీమరు తొలిచివేసినది కేవలం ఉక్కును కాదు. కాపలాదారునే తొలిచివేసింది. ఉక్కు నాణ్యత, గోడ మందం అంతకు ముందు ఎంతో ఇప్పుడూ అంతే. అడ్డు చెప్పే మెట్టు మాత్రం ఇక లేదు. మార్చిన పనిమంతునికి ఆ సంగతి తెలుసు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ రివాల్వరును కొన్నవానికి తెలియకపోవచ్చును.

మన దేశంలో .32

మన దేశంలో ఈ చిన్న తూటాకు ఇంత ప్రాచుర్యం రావడానికి కారణం దాని గుణాలు కావు, చట్టం. సైన్యం, పోలీసు వాడే కొలతలను పౌరుల చేతికి రానీయకూడదన్న విధానం ఆంగ్లేయుల కాలం నుండి వచ్చినది. 9 మిల్లీమీటర్లు, .38, .455 బోరు చేతి తుపాకులు, .303 రైఫిళ్ళు నిషిద్ధ బోరు వర్గంలో ఉన్నాయి. .32, .22 వంటివి ఆ వర్గం వెలుపల ఉన్నాయి. అందుచేత లైసెన్సు గల పౌరునికి రివాల్వరు అంటే వాడుకలో .32 అనే అర్థం. మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు కాన్పూరులో .32 రివాల్వర్లను తయారు చేస్తూ వచ్చాయి. 2014లో అక్కడి ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ నిర్భీక్ పేరుతో సుమారు అర కిలో బరువుగల .32 రివాల్వరును విడుదల చేసింది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ రంగ సంస్థలుగా విభజించినప్పుడు, కాన్పూరు ఆయుధ కర్మాగారాలు ఒక సంస్థ క్రిందికీ, ఖడ్కీలోని తూటాల కర్మాగారం మరొక సంస్థ క్రిందికీ వెళ్ళాయి. తాళం ఒక ఇంట, తాళంచెవి మరొక ఇంట! ఇటువంటి ఏర్పాటులో రెండింటినీ కలిపి ఉంచేది డ్రాయింగు మీది కొలత ఒక్కటే.

క్రీడారంగంలోనూ ఈ తూటాకు గౌరవస్థానం ఉన్నది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టలు పోటీలో గుండు ముక్కును చదునుగా కోసిన .32 లాంగ్ తూటాను అనేకులు ఎంచుకుంటారు. చదును ముక్కు కాగితపు లక్ష్యంలో పంచింగు మిషను వేసినంత శుభ్రమైన గుండ్రని రంధ్రం చేస్తుంది. వెనుక తన్ను తక్కువ, గురి నిలకడ ఎక్కువ. 1994 హిరోషిమా ఆసియా క్రీడలలో జస్పాల్ రాణా మన దేశానికి బంగారు పతకం తెచ్చినది ఈ సెంటర్ ఫైర్ పోటీలోనే.

అయితే మన దేశంలో .32 అనే అంకెకు ఒక ప్రమాదకరమైన కవల సోదరుడు ఉన్నాడు. పిస్టళ్ళలో వాడే 7.65 మిల్లీమీటర్ల తూటాను కూడా .32 అనే అంటారు. లైసెన్సు పుస్తకంలో రెండింటికీ .32 బోరు అనే మాటే కనిపిస్తుంది. రెండు తొడుగుల లావు దాదాపు ఒకటే, .337 అంగుళం. పిస్టలు తూటా పొడవు మాత్రం తక్కువ, సుమారు 17 మిల్లీమీటర్లు. కనుక రివాల్వరు గదిలోకి సాఫీగా దూరిపోతుంది. పొడవు కాపలా కాయవలసిన దిశకు ఇది వ్యతిరేక దిశ. పొట్టిదైనా దాని గరిష్ఠ పీడనం ఎక్కువ, చదరపు అంగుళానికి 20,500 పౌన్లు. దాని వెనుక అంచు వ్యాసం తక్కువ కావడంతో రివాల్వరులో సరియైన ఆనిక కూడా దొరకదు. పాతకాలపు నాజూకైన రివాల్వరులో దీనిని కాల్చడం అంటే, 15 కిలోల పీడనానికి పరీక్షించిన గొట్టంలోకి 20 కిలోల పీడనం గల ఆవిరిని వదలడం వంటిది. దూరింది కదా, సరిపోయింది అనుకొన్నవాని అదృష్టం ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేము.

కోసి మార్చిన తుపాకులు

మార్పిడి చరిత్రలో మూడు ఉదాహరణలు మన దేశానికి దగ్గరివి.

మొదటిది .38 కథ. బ్రిటిషు సైన్యం 1932లో .455ను వదలి, తేలికైన .38 ఎన్‌ఫీల్డు రివాల్వరును స్వీకరించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అదే తూటాకు అమెరికా నుండి స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లు వేలకు వేలు వచ్చాయి. యుద్ధం తరువాత మిగిలిపోయిన వాటిని వ్యాపారులు అమెరికాలో సులభంగా దొరికే .38 స్పెషల్ తూటాకు మార్చి అమ్మారు. మార్పు అంటే గదులను ముందుకు పొడిగించడమే. కానీ పాత .38 తొడుగు అడుగు వ్యాసం సుమారు 9.8 మిల్లీమీటర్లు, స్పెషల్‌ది 9.6. గది వెనుక భాగం పాత లావులోనే మిగిలిపోయింది. ఉక్కును తీయగలము గానీ తిరిగి పెట్టలేము కదా! ఫలితంగా ఈ రివాల్వర్లలో కాల్చిన తొడుగులు అడుగున గర్భవతి పొట్టవలె ఉబ్బి వస్తాయి, కొన్ని నిలువునా చీలి వస్తాయి. తేడా మిల్లీమీటరులో అయిదవ వంతు!

రెండవది .455 వెబ్లీ. 1915లో వచ్చిన దాని ఆరవ నమూనా మహా దృఢమైన రివాల్వరు. దాని తూటా దొరకడం తగ్గిన తరువాత అమెరికాలో సిలిండరు వెనుక ముఖాన్ని కొంత అరగదీసి, అర్ధచంద్రాకారపు రేకు క్లిప్పులతో .45 ఆటోమేటిక్ పిస్టలు తూటాను పట్టించారు. చూడముచ్చటైన ఉపాయమే. కానీ .45 తూటా పీడనం వెబ్లీ రూపశిల్పులు లెక్కించిన పీడనం కంటే చాలా ఎక్కువ. ఇంగ్లండులో పుట్టిన వెబ్లీలను అరగదీసి అమెరికా అంగళ్ళలో అమ్మినందువలన, ఇప్పుడు అరగదీయని ఆరవ నమూనాను వెదకి పట్టుకోవడం సేకర్తలకు పెద్ద పనైపోయింది.

మూడవది పూర్తిగా మన దేశపు సృష్టి. ఇషాపూరు రైఫిలు కర్మాగారంలో .303 రైఫిళ్ళను తొలిచి, .410 బోరు నున్నని గొట్టం గల మస్కెట్లుగా మార్చి పోలీసులకూ, కాపలాదారులకూ ఇచ్చారు. తూటాను .303 తొడుగుకు మెడ నొక్కకుండా, నిటారుగా ఉంచి తయారు చేశారు. మ్యాగజైనులో కొయ్యదిమ్మ బిగించి, ఒక్కొక్క తూటానే పెట్టేటట్లు చేశారు. దూరం, వేగం రెండూ కావాలనే తగ్గించిన మార్పిడి ఇది. ఆయుధం ప్రత్యర్థుల చేతిలో పడినా సైన్యపు తూటాను కాల్చకూడదన్నది ఉద్దేశ్యం. కొలతను మార్చి తుపాకికి తిండి లేకుండా చేయడం అన్నమాట. పై రెండు మార్పిళ్ళూ తుపాకికి అందని శక్తిని దానిమీద రుద్దాయి. ఇది దాని శక్తిని తగ్గించింది. అందుకే ఇంజనీరింగు దృష్టితో చూస్తే మూడింటిలోనూ నిర్దుష్టమైనది ఇదే. పాలకుల ఉద్దేశ్యం ఎటువంటిదైనా, కర్మాగారపు లెక్క మాత్రం పెద్ద గోడను చిన్న పీడనానికి వాడిన లెక్క.

ద్వీపాలు చెప్పే పాఠం

తుపాకికి తిండి తూటా అన్న సంగతి మన మన్యం వీరులకు బాగా తెలుసు. 1922 ఆగస్టు 22 నుండి మూడు రోజులలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుండి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను తీసుకొన్నది. తీసుకొన్నవాటి లెక్కను స్టేషను డైరీలో వ్రాసి మరీ వెళ్ళినట్లు ప్రసిద్ధి. తుపాకుల వెంట వాటికి చెందిన తూటాలను కూడా పట్టుకొని పోవడంలోనే ఆ దళపు వివేకం తెలుస్తున్నది. ఆ పోరాటంలో పాల్గొన్న గాం మల్లుదొర శిక్షపడి అండమాను చేరారు. స్వాతంత్ర్యానంతరం 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మేము ఉద్యోగరీత్యా నివసిస్తున్న ఈ ద్వీపాలలో ఆ తిండి సంగతి మరింత స్పష్టంగా బోధపడుతుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్, అటు చెన్నైకీ ఇటు విశాఖపట్నానికీ సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఓడలో రావలసిన వస్తువు రెండున్నర, మూడు దినాలు సముద్రం మీదనే ఉంటుంది. తుపాను పట్టితే లెక్కే లేదు. 1942 మార్చి 23న జపాను బలగాలు ఈ ద్వీపాలను ఆక్రమించి 1945 అక్టోబరు వరకు నిలిచాయి. చివరి రోజులలో సముద్రమార్గం మూసుకుపోయి తినే తిండికే కరవు వచ్చింది.

జపాను సైన్యపు రివాల్వరు కథ ఇక్కడ చెప్పుకోదగినది. 1893లో, అనగా మెయిజీ శకం 26వ ఏట వచ్చినందున దానిని 26వ నమూనా అన్నారు. 1945 వరకు వాడుకలో ఉన్నది. దాని 9 మిల్లీమీటర్ల తూటా ప్రపంచంలో మరే సైన్యపు రివాల్వరుకూ పనికిరాదు, మరే తూటా దానికి సరిపోదు. వెనుక అంచు మరీ పలుచన. మధ్యలో 8 మిల్లీమీటర్ల నంబు పిస్టలు వచ్చింది. ఒకే సైన్యంలో చేతి తుపాకులకే రెండు రకాల తూటాలు! ఏ దూరపు దీవిలోనో ఒక పెట్టెకు బదులు మరొక పెట్టె దిగితే, చేతిలోని రివాల్వరు ఇనుప ముక్కతో సమానం. యుద్ధం ముగిసి తూటా తయారీ ఆగిపోయిన తరువాత సేకర్తలు .38 స్పెషల్ తొడుగును పొట్టిగా కోసి, అంచును లేతు మీద పలుచన చేసి, ఆ రివాల్వరుకు తూటాలు తయారు చేసుకొంటున్నారు. గమనించండి, వీరు తుపాకిని ముట్టుకోలేదు, తూటాను మార్చారు. నష్టమైతే ఒక తొడుగు పోతుంది, నూట ముప్పై ఏళ్ళ వస్తువు పోదు. మార్పు తప్పనిసరి అయినప్పుడు చౌకగా మళ్ళీ చేసుకోగల భాగాన్ని మార్చాలి, తిరిగి చేయలేని భాగాన్ని ముట్టుకోరాదు. డీజిలు జనరేటర్ల మీద ఆధారపడిన ఈ ద్వీపాలలో విడిభాగాల కోసం ఓడరాకకు ఎదురుచూసే ప్రతి ఇంజనీరూ గోడమీద వ్రాసుకోదగిన సూత్రమిది. షాఫ్టును అరగదీయవద్దు, బుష్షును చేయించండి.

వానాకాలపు పగుళ్ళు

కొలత సరిపోయినా కంటికి కనబడని మరొక శత్రువు ఉన్నది. దానిని మొదట పట్టి ఇచ్చినది మన దేశపు వర్షాకాలమే. ఆంగ్లేయుల కాలంలో ఇక్కడ నిలువ చేసిన ఇత్తడి తూటాలు వానలు ప్రారంభం కాగానే వాటంతట అవే పగిలిపోయేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. ఋతువును బట్టి వచ్చేది కనుక ఋతువు పగుళ్ళు అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు కారణం వివరించారు. తూటాలను గుర్రపుశాలల్లో ఉంచేవారు. గుర్రాల మూత్రం నుండి వచ్చే అమ్మోనియా వానాకాలపు తేమలో కరిగి ఇత్తడి మీద చేరేది. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు యశదం గల ఇత్తడిని చల్లగా లాగి తొడుగు చేసినప్పుడు లోపల దాగి ఉన్న ఒత్తిడి అక్కడ బయటపడేది. తయారైన తరువాత మితమైన వేడిలో కాచి ఆ ఒత్తిడిని తీసివేయడంతో రోగం కుదిరింది.

ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ద్వీపాలలో ఇత్తడి కండెన్సరు గొట్టాలు, వాల్వులు, ఫిట్టింగులు చూసుకొనే మనకు ఇది పాతబడిన కథ కాదు. అమ్మోనియా కలిసిన పాలిషుతో ఇత్తడిని తళతళ మెరిపించడం అందంగానే ఉంటుంది. లోపల ఒత్తిడి ఉన్న భాగానికి అది విషం.

చివరగా

ఇది చదివి ఎవరికైనా చేతులు దురద పుడితే ఒక్క మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకిని తయారు చేయడమే కాదు, మార్చడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం కూడా నేరమే. 2019 సవరణతో అక్రమ తయారీకి శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు ఉన్నది. ఇంట్లో తాతల నాటి లైసెన్సు రివాల్వరు ఉన్నవారు, దానిమీద చెక్కిన అక్షరాలను అర్హత గల ఆయుధ వ్యాపారి చేత చదివించుకొని, తూటా పెట్టె మీది పూర్తి పేరుతో సరిచూసుకోవాలి. .32 అన్న అంకె ఒక్కటే చాలదు. ఆ వెనుక ఉన్న మాటను కూడా చదవాలి. సందేహం ఉంటే కాల్చకుండా ఉండడమే శ్రేయస్కరం.

మేము ఈ చిన్న తూటాను మెచ్చుకొనేది దాని శక్తికి కాదు. 1896లో గీసిన కొలత నేటికీ మారలేదు. అప్పటి రివాల్వరుకు ఇప్పటి తూటా, ఇప్పటి రివాల్వరుకు అప్పటి తూటా పడుతుంది. దాని సంతానం ఎంత పెరిగినా తండ్రి ఇంట దూరకుండా పొడవు అడ్డుకొంటున్నది. తరతరాలకు పనికివచ్చే ప్రమాణం అంటే ఇట్లా ఉండాలి. మన స్టోర్సులో అమర్చిన ప్రతి విడిభాగం వెనుకా ఎవరో ఒకరు పట్టుబట్టి నిలబెట్టిన కొలత ఉన్నది. షట్‌డౌను తొందరలో, రాత్రి మూడవ షిఫ్టులో, చేతికందిన భాగం దూరింది కదా అని బిగించబోయే యువ మిత్రులు ఒక్క నిమిషం ఆగి మైక్రోమీటరు తీస్తే, ఈ నెల మా వ్రాత ధన్యమైనట్లే.

వచ్చే సంచికలో ఉప్పుగాలిలో స్టెయిన్‌లెస్ స్టీలు సైతం ఎందుకు మచ్చలు పడుతుందో విచారిద్దాము.